ఇంట్లోనే ఉన్నాడుగా!

మన ఆడవాళ్ళకి పిల్లల విషయంలో ఒక కొలబద్ద ఉంది. పిల్లాడు బజార్నపడి తిరక్కుండా ఇంటిపట్టున ఉంటే బుద్ధిమంతుడు. గదిలో తలుపేసుకు కూర్చుంటే చదువుకుంటున్నట్టు. ఆ గదిలోంచి చప్పుడేమీ రాకపోతే ఇక చెప్పేదేముంది, ఆ తల్లి అదృష్టవంతురాలు! పక్కింటావిడతో చెప్పుకుని మురిసిపోతుంది కూడాను.

ఈ కొలబద్దని విరిచి మన చేతుల్లో పెట్టిన సీరియల్ ఒకటి 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. పేరు ‘అడాలసెన్స్’. నాలుగే భాగాలు. అత్తగారు మెట్లు దిగడానికి నాలుగు వారాలు పట్టే సీరియళ్ళకి అలవాటుపడ్డ మనకి ఇది కాస్త ఊపిరాడనివ్వదు లెండి.

ఉత్తర ఇంగ్లండులో ఒక ఊరు. పొద్దున్నే పోలీసులు తలుపు బద్దలు కొట్టుకుని ఒక ఇంట్లో జొరబడతారు. వాళ్ళు పట్టుకెళ్ళేది 13 ఏళ్ళ జేమీని. తనతో బడిలో చదివే కేటీ అనే పిల్లని కత్తితో పొడిచి చంపాడని అభియోగం. తండ్రి ప్లంబరు, కష్టజీవి, పిల్లల మీద చెయ్యెత్తకూడదనుకున్న మనిషి. తల్లి మామూలు తల్లి, అక్క మామూలు అక్క. అసలు భయమంతా ఆ మామూలుతనంలోనే ఉంది. చేశాడా లేదా అన్నది మొదటి భాగంలోనే తేలిపోతుంది. మిగిలిన మూడు భాగాలూ ఎందుకు చేశాడన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

రాసినవాళ్ళు జాక్ థోర్న్, స్టీఫెన్ గ్రాహమ్. గ్రాహమే తండ్రి వేషం కూడా వేశాడు. దర్శకుడు ఫిలిప్ బరాంటినీ ఒక్కో భాగాన్నీ మధ్యలో ఎక్కడా కెమెరా ఆపకుండా ఏకబిగిన తీశాడు. ఇది గారడీ కోసం చేసింది కాదు. చూడలేక మొహం తిప్పుకుందామంటే మనకి సందు దొరకనివ్వకపోవడం కోసం. జేమీగా నటించిన ఓవెన్ కూపర్ 15 ఏళ్ళకే ఎమ్మీ బహుమతి అందుకున్నాడంటే ఆశ్చర్యమేమీ లేదు.

నాకు బాగా నచ్చింది రెండో భాగం. దర్యాప్తు చేసే పోలీసు అధికారి, జేమీ ఫొటోల కింద కేటీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన బొమ్మలు చూసి వాళ్ళిద్దరూ స్నేహితులనుకుంటాడు. అదే బడిలో చదివే అతని కొడుకు తండ్రిని పక్కకి పిలిచి అసలు అర్థం చెబుతాడు. అవి స్నేహం కాదు, ఎగతాళి. ఏ ఆడపిల్లా కన్నెత్తి చూడని మగాడివి నువ్వని! గుండె బొమ్మ రంగుకొక అర్థం, మాత్ర బొమ్మకొక అర్థం. ఎనభై శాతం ఆడవాళ్ళకి ఇరవై శాతం మగాళ్ళే నచ్చుతారని కాకిలెక్కలు చెప్పి, మీసాలైనా రాని పిల్లల చేత ఆడజాతి మీద పగ పట్టించే పెద్దమనుషులు ఇంటర్నెట్టు నిండా ఉన్నారు. నేరస్తుల గుట్టు లాగడంలో ఆరితేరిన మనిషికి కన్నకొడుకు లోకంలో అక్షరాభ్యాసం కూడా కాలేదన్నమాట.

ఇక నా అభ్యంతరాలు. మొదటిది కేటీ సంగతి. ఆ పిల్ల నగ్నచిత్రాన్ని మగపిల్లలు ఒకరికొకరు పంపుకున్నారు. అవమానంతో కుంగి ఉంటుంది గనక ఇప్పుడైతే ఒప్పుకుంటుందని లెక్కవేసుకుని జేమీ తనతో రమ్మని అడిగాడు. ఆమె కాదంది. కథకి ప్రాణమైన ఈ విషయం నాలుగు మాటల్లో చెప్పి వదిలేశారు. అందరూ చంపినవాడినే గుర్తుపెట్టుకుంటారు, చచ్చిపోయిన పిల్ల ఎవరికీ గుర్తుండదని ఒక మహిళా పోలీసు చేత అనిపించారు. అనిపించి, తామూ అదే పని చేశారు! ఒక్క భాగం ఆ పిల్ల ఇంట్లో తీసి ఉంటే ఏం పోయేది?

రెండోది తల్లి సంగతి. పోలీసు అధికారి కొడుకుతో మళ్ళీ మాట కలుపుతాడు. జేమీ తండ్రి కొడుకు మంచం మీద పడి ఏడుస్తాడు. బాధ పడటంలో కూడా పెద్దపీట మగవాళ్ళకే. రాత్రి ఒంటిగంటకి కొడుకు గదిలో లైటు చూసింది మాత్రం తల్లి. ఆవిడ తలుపు తట్టేది, రేపు బడి ఉంది పడుకోమనేది. లైటు ఆరిపోయేది. లోపల్నించి ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

ఇంగ్లండు గొడవ మనకెందుకంటారా? 2020లో కరోనా వచ్చి బడులు మూసేస్తే పాఠాల కోసం ఫోన్లు కొనిచ్చింది మనమే. బడులు తెరిచారు, ఫోన్లు మాత్రం వెనక్కి రాలేదు. అందులోనూ మన ఇళ్ళల్లో రెండు చట్టాలున్నాయి. ఆడపిల్ల ఫోను అన్నయ్య చూడొచ్చు, బాబాయి చూడొచ్చు. మగపిల్లాడి ఫోను అడిగితే వాడికి కోపమొస్తుంది, అడగం. ఎవడైనా ఫొటోతో బెదిరిస్తే ముందు ఫోను లాక్కునేది ఆడపిల్ల దగ్గరే, ఒక్కోసారి చదువు కూడా. మరి ఆ పిల్ల అమ్మతో ఎలా చెబుతుంది? బెదిరించేవాడికి కావలసిందీ ఆ మౌనమే. నువ్వు చెబితే నీ ఫోనూ పోదు, నీ కాలేజీ మానదు అని ముందుగా మాటివ్వాలి. 1930, 1098 నంబర్లు గోడ మీద గ్యాసు నంబరు పక్కన రాసి ఉంచాలి.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ళు నిండనివాళ్ళకి సోషల్ మీడియా ఖాతాలుండకుండా చూడాలని కంపెనీలకే చట్టం పెట్టారు. మంచిదే. కానీ ఏ చట్టమూ అర్ధరాత్రి వచ్చి మన పిల్లల గది తలుపు తట్టదు. ఈ వయసు పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర ఉండాలంటున్నారు డాక్టర్లు. ఆ నిద్ర కోసమైనా రాత్రిపూట ఇంట్లో ఫోన్లన్నీ, అమ్మానాన్నలవి సహా, వంటింటి గట్టెక్కాలి.

జేమీ తల్లి చెయ్యనిది చాలా చిన్న పని. తలుపు తట్టింది గానీ తోసుకుని వెళ్ళి మంచం మీద కూర్చోలేదు. లైటు ఆరితే నిద్రపోయాడనుకుంది. ఫోనుకి లైటుతో పనిలేదు కదండీ!