దూరం జరిగిన మనసు

“నాకు పిచ్చెక్కుతోందా మేడమ్?”

తను తనకే పరాయిగా అనిపించే డీపర్సనలైజేషన్‌తో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముందుగా అడిగేది ఇదే. మిగతావి ఆ తర్వాత ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. అద్దంలో ముఖం ఎవరిదోలా ఉంటోంది. మాట్లాడుతుంటే ఆ గొంతు తనది కానట్టు, తను పక్కన నిలబడి వింటున్నట్టు ఉంటోంది. అమ్మ ఎదురుగా కూర్చుని అన్నం కలిపి పెడుతున్నా మధ్యలో గాజు పలక అడ్డం ఉన్నట్టే. పెళ్లింట్లో సంతోషం రాదు, చావింట్లో ఏడుపు రాదు. ఇవి ఏ ఒక్కరి మాటలూ కావు, ఎందరివో కలిపి రాస్తున్నాను.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా కౌన్సెలింగ్ ముందుకు సాగదు. పిచ్చి కాదమ్మా అని స్పష్టంగా చెబుతాను, ఎందుకు కాదో కూడా చెబుతాను. ఎదురుగా నిజంగా గాజు లేదని ఆ మనిషికి తెలుసు. చేయి తనదేనని తెలుసు, తనదిగా అనిపించడం లేదు, అంతే. మామూలుగా పిచ్చి అని పిలిచే సైకోసిస్‌లో ఈ ఎరుకే దెబ్బతింటుంది. ఇక్కడ అది చెక్కుచెదరలేదు. అయితే అంతకంటే ముందు డాక్టరు చూసి ఉండాలి. కొన్ని రకాల మూర్ఛల్లో, గంజాయి తాగినప్పుడు, రోజుల తరబడి నిద్ర లేనప్పుడు, పానిక్ అటాక్‌లో కూడా ఇలాగే అనిపిస్తుంది. కాసేపు ఇలా అనిపించి పోవడం చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. పోకుండా నిలిచిపోయి, చదువునీ కాపురాన్నీ తినేస్తుంటే అది జబ్బు. నూటికి ఒకరిద్దరిలో ఉంటుందని అంచనా. సగటున 16 ఏళ్ల ప్రాయంలో మొదలవుతుంది.

మనసు ఇలా ఎందుకు చేస్తుంది? ఆల్బర్ట్ హైమ్ అనే స్విస్ భూగర్భ శాస్త్రవేత్త, ఆల్ప్స్ కొండల మీంచి పడి బతికి బయటపడినవాళ్ల అనుభవాలు సేకరించి 1892లో ప్రచురించాడు. తనూ అలా పడి బతికినవాడే. పడుతున్న ఆ కొద్ది క్షణాల్లో నొప్పిగానీ గాబరాగానీ లేవని, మనసు వింతైన నెమ్మదితో ఉందని వాళ్లు చెప్పారు. తప్పించుకునే దారే లేనప్పుడు మనసు తనను తాను కాపాడుకునే తీరు అది. కొండ మీంచి పడేవాడికి అది క్షణాల్లో అయిపోతుంది. ఇల్లు వదిలి ఎక్కడికీ పోలేని ఐదేళ్ల పిల్లకు ఏళ్లు పడుతుంది. భయపెట్టే మనిషే అన్నం పెట్టే మనిషి కూడా అయినప్పుడు ఆ పిల్ల తిరగబడలేదు, పారిపోలేదు. ఒంటిని అక్కడే ఉంచి తను దూరం జరగడం ఒక్కటే ఆమె చేతిలో ఉంటుంది. అమెరికన్ మనస్తత్వవేత్త జెన్నిఫర్ ఫ్రెయిడ్ 1990లలో ప్రతిపాదించిన సిద్ధాంతానికి మూలం ఇదే: ఎవరి మీద ఆధారపడి బతకాలో వాళ్లే గాయపరిస్తే, ఆ బంధం నిలవడం కోసం పిల్లలు తమకు తెలిసిన దాన్ని తమకే తెలియకుండా పక్కకు నెట్టేస్తారు.

చిన్ననాటి గాయం అనగానే అందరికీ ఘోరమైన సంఘటనలే గుర్తొస్తాయి. లైంగిక వేధింపులు, ఒళ్లు చీరేసే దెబ్బలు. మనసు ఇలా దూరం జరగడానికి, అంటే డిసోసియేషన్‌కు, అవి పెద్ద కారణాలే, సందేహం లేదు. కానీ డాక్టర్ డాఫ్నీ సిమియన్ బృందం న్యూయార్క్‌లో చేసి 2001లో ప్రచురించిన అధ్యయనంలో డీపర్సనలైజేషన్‌తో అన్నిటికన్నా గట్టి సంబంధం కనిపించింది మాటల హింసకూ మానసిక హింసకూ. నా గదిలో వినేది కూడా ఎక్కువగా ఇదే. “నిన్నెందుకు కన్నానా అనిపిస్తోంది.” “నీ మొహానికి చదువొకటా.” “నువ్వు పుట్టాకే ఇంటికి దరిద్రం పట్టింది.” వీటికి మచ్చలుండవు. అన్నవాళ్లకు సాయంత్రానికి గుర్తుండవు. క్రమశిక్షణ అనే పేరు కింద మన ఇళ్లలో, హాస్టళ్లలో ఇవి రోజూ చెల్లిపోతున్నాయి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. వాళ్లలో దాదాపు సగం మంది మానసిక హింసను చవిచూసినట్టు చెప్పారు. ఆ హింస ఎక్కువగా తల్లిదండ్రుల నుంచే.

ఏమీ అనకపోవడం కూడా గాయమే కావచ్చు. అమెరికాలోని మిన్నెసోటాలో పిల్లల్ని పుట్టినప్పటి నుంచి 19 ఏళ్ల దాకా గమనించిన పరిశోధకులు, దగ్గరే ఉండి కూడా మనసు పెట్టని పెంపకం తర్వాతి డిసోసియేషన్‌ను ముందే సూచించే ముఖ్యమైన అంశాల్లో ఒకటని 1997లో రాశారు. పిల్లాడు ఏడ్చినప్పుడు ఎవరూ తిరిగి చూడకపోతే, తన ఏడుపు నిజమేనా అన్న అనుమానం వాడికే వస్తుంది.

ఇంత చెప్పినా, మొదటి రోజునే బాల్యాన్ని తవ్వను. ఈ లక్షణాలున్న అందరి వెనకా అలాంటి బాల్యం ఉంటుందని చెప్పలేం. ఉన్నా, అది బయటికి రావడానికి దానికో సమయం ఉంది. ముందు ఈనాటి భయం తగ్గాలి. “నా మెదడు పాడైపోయింది” అన్న భయంతో మనిషి క్షణక్షణం తనను తాను పరీక్షించుకుంటాడు. పరీక్షించుకున్నకొద్దీ ఆందోళన పెరుగుతుంది, ఆందోళన పెరిగినకొద్దీ తను తనకే ఇంకా దూరమవుతాడు. అందుకే పాదాలు నేలకు ఆనించమంటాను. చేతిలో చన్నీళ్ల గ్లాసు పెట్టి, చల్లదనం ఎక్కడెక్కడ తెలుస్తోందో చెప్పమంటాను. కళ్లు మూసుకుని ధ్యానం చేయమని బంధువులు సలహా ఇస్తుంటారు. మొదట్లో నేనది చెప్పను. అస్తమానం లోపలికి చూసుకోవడంతోనే అలసిపోయిన మనిషికి అది కొన్నిసార్లు బాధను పెంచుతుంది. ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. తోడుగా ఉన్న డిప్రెషన్‌కీ ఆందోళనకీ సైకియాట్రిస్టు ఇచ్చే మందులు మాత్రం ఉపయోగపడతాయి. ఎవరిని కలవాలో తెలియనివాళ్లు 14416కు ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఈ పనిలో మనిషి చేత చెప్పించడం కన్నా, చెబుతున్నప్పుడు ఆపడం కష్టం. చూపు ఒకచోట నిలిచిపోతుంది, గొంతు చదునుగా మారుతుంది, జవాబులు ఆలస్యమవుతాయి. అప్పుడు కథ ఎంత ముఖ్యమైనదైనా ఆపి, ఆ మనిషిని గదిలోకి వెనక్కి తీసుకురావాలి. ఆ చదును గొంతు బయట ఎంత నష్టం చేస్తుందో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. తనకు జరిగిన ఘోరాన్ని ఒక అమ్మాయి కన్నీటి చుక్క లేకుండా చెబితే, ఇంటి పెద్దలూ పోలీసులూ అబద్ధమేమో అనుకుంటారు. నిజానికి ఆ గాయం వల్లే ఆమె గొంతు అలా అయిపోయింది.

పన్ను పీకేముందు ఇచ్చే మత్తు సూది నొప్పిని మాత్రమే ఎంచి తీసేయదు, పెదవిని కూడా మొద్దుబారుస్తుంది. మనసు తెచ్చుకునే మత్తు కూడా అంతే, బాధతో పాటు సంతోషాన్నీ మొద్దుబారుస్తుంది. అది దిగేటప్పుడు ముందు తెలిసేది నొప్పే. చికిత్స కొంత సాగాక ఇంటి నుంచి ఫోన్ వస్తుంది: “ఇదివరకే నయమండీ, ఇప్పుడు ఊరికే ఏడుస్తోంది, మా మీద అరుస్తోంది.” ఇన్నాళ్లూ రాని ఏడుపూ కోపమూ ఇప్పుడు వస్తున్నాయని, చికిత్స ఆపొద్దని నచ్చజెబుతాను. కొందరు అక్కడితో ఆగరు, “మేమేం తక్కువ చేశాం?” అని అడుగుతారు. ఫీజులు కట్టారు, బట్టలు కొన్నారు, రాత్రంతా బస్సులో కూర్చుని హాస్టల్‌కు పచ్చళ్లు మోసుకెళ్లారు. వాళ్ల ప్రేమను నేను శంకించను. అప్పట్లో అన్న ఆ మాటలు తప్పేనని కూతురితో ఒక్కసారి, సంజాయిషీ ఏమీ జోడించకుండా చెప్పగలరా అని మాత్రం అడుగుతాను. చాలామంది చెప్పలేరు. చెప్పగలిగినవాళ్ల పిల్లలు త్వరగా కోలుకోవడం నేను చూశాను.