జమీందారు డబ్బు, రైతు నోరు

ప్రచారం ఉన్నచోట కళ ఉండదనేవారు 1939 నాటి 'రైతుబిడ్డ'ను కాస్త నిదానించి చూడాలి. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ఈ చిత్రానికి పెట్టుబడి చల్లపల్లి జమీందారుది. ఆపించాలని పట్టుబట్టింది వెంకటగిరి, బొబ్బిలి జమీందార్లు. బ్రిటిషు దొరతనం కొన్నిచోట్ల నిషేధించనే నిషేధించింది. జమీందార్లలో జమీందార్లకున్న కక్షల సంగతి వేరే.

నిషేధం కళకు యోగ్యతాపత్రం కాదు. నీరసమైన ఉపన్యాసాన్ని కూడా నిషేధించవచ్చు. ఇందులోనూ ఉపన్యాసం లేకపోలేదు. కాని అదే దశకంలో, 1935లో, జర్మనీలో లెనీ రీఫెన్‌స్టాల్ హిట్లరు సభలపై తీసిన చిత్రం తలచుకోండి. కెమెరా పనితనం అసాధారణం. అయితే అందులో వేలాది జనం నోట వచ్చేది నేర్పిన వంతపాటే. 'రైతుబిడ్డ'లో బళ్ళారి రాఘవ ధరించిన నర్సిరెడ్డి, జమీందారు మనిషికి ఓటు వెయ్యనంటాడు. కాదనగల మనిషి తెరమీదికొచ్చాడు. ప్రచారం అక్కడ కళ అయింది.

ఆ మనిషికి తగిన పలుకు గుంటూరు సీమనుంచే వచ్చింది. బాపట్ల దగ్గరి అప్పికట్లవాడు కొసరాజు రాఘవయ్య చౌదరి ఈ చిత్రంలో వేషం కట్టాడు, పాటలూ రాశాడు. జానపదుల వరసలు, సేద్యగాళ్ల మాటలు అతనికి పుట్టుకతో వచ్చిన ఆస్తి. అలాంటి పాటను రైతు చేలోనే పాడుకోగలడు. దానికి సినిమా హాలూ అక్కర్లేదు, కలెక్టరు అనుమతీ అక్కర్లేదు.