చలికాలపు స్నేహం, ఒక ఆత్మకథ

1803లో ఐర్లండు నుంచి రష్యా వెళ్ళిన మార్తా విల్మట్ దినచర్యని, ఉత్తరాల్ని (అచ్చు 1934) మాస్కో చలికాలపు విందులు, నాట్యాలు, మంచుబళ్ళ ముచ్చట్లుగానే చదివితే అసలు సంగతి జారిపోతుంది. సైన్సు అకాడమీని నడిపిన దాష్కోవా తన ఆత్మకథ రాసింది ఈ పరదేశి స్నేహితురాలి ప్రోద్బలంతోనే. 1808లో దేశం విడిచేటప్పుడు సోదాలకి భయపడి మార్తా మూలప్రతిని కాల్చేసింది. 1807లోనే అక్క కేథరిన్ వెంట తీసుకెళ్ళిన నకలు దక్కింది. 1840లో మార్తాయే దాన్ని ఇంగ్లీషులో అచ్చు వేయించింది. ఒక స్త్రీ గొంతుని స్త్రీల స్నేహం ఇలా కాపాడింది, నిజమే. కానీ ఆ విందుగదులని వెచ్చగా ఉంచిన వెట్టిమనుషుల్లోనూ స్త్రీలున్నారు. వెట్టి రద్దయింది 1861లో. వాళ్ళని ఆత్మకథ రాయమని బతిమాలిన స్నేహితురాలెవరు? ఈ ప్రశ్న వేసుకోకుండా ఈ స్నేహాన్ని మెచ్చుకుంటే మన చదువు సగమే.