చందుర్తి చేనుకు దండం

దండం నీకు, చందుర్తి చేనా! ఇంగ్లీషు కర్నల్ ఫోర్డుకు కాదు, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దొరకూ కాదు. వాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో పదిలంగానే ఉన్నాయి. నిన్ను దున్నినవాడి పేరే ఎవరూ రాసిపెట్టలేదు. పిఠాపురం సీమలో, గొల్లప్రోలు పక్కన, 1758 డిసెంబరులో మనిషి మునిగేంత ఎత్తున ఎదిగి నిలబడ్డావు. ఉత్తర సర్కార్లు చేతులు మారడానికి ఆ ఎత్తు చాలింది.

ఎక్కడి తగవు ఎక్కడికొచ్చింది! ఇంగ్లండూ ఫ్రాన్సూ 1756లో యూరప్‌లో రాజేసుకున్న ఏడేళ్ల యుద్ధం సముద్రాలు దాటి నీ గట్టెక్కింది. హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ 1753లోనే ఈ సర్కార్లను ఫ్రెంచివాళ్ల చేతిలో పెట్టాడు. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు బొబ్బిలి కూలింది, తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు తన డేరాలోనే ఒరిగాడు. ఆయన తరవాత విజయనగరం గద్దెనెక్కిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్లతో చెడింది. పై అధికారి లాలీ పిలుపు మీద బుస్సీ దక్షిణానికి వెళ్లిపోయాడు. రాజు బెంగాల్‌లోని క్లైవుకు కబురంపాడు, ఫోర్డు ఓడ దిగాడు. పరాయివాడికి వాకిలి తీసింది మనవాళ్లే. ఈ మాట రాయడం నాకు చేదుగానే ఉంది, చేనా, కానీ నీ ముందు అబద్ధమెందుకు?

ఆ రోజు నువ్వు చూశావు. బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కుని బారులు తీరారు. ఎర్రకోటు కనిపిస్తే తెల్లవాడేనని ఫ్రెంచి పటాలం అనుకుంది. వాళ్ల మీదికే దూకింది. ఎర్రకోట్లు చెదిరాయి, పరుగు తీశాయి. గెలిచేశామన్న కేకలతో ఫ్రెంచి వరుసలు తెగి, ఎవడికి వాడు తరుముతూ పోయాడు. అసలు తెల్ల పటాలం, ఐదొందలకు లోపే, నీ చాటున ఉంది. నీ కంకులు ఊగాయో లేదో, నీ ఆకులు గలగలమన్నాయో లేదో, ఆ గోలలో ఎవడు విన్నాడు? ఒక్కసారిగా పక్కనుంచి తుపాకులు పేలాయి. తరిమినవాడు తడబడ్డాడు, వెనక్కి తిరిగాడు, ఫిరంగులొదిలి పారిపోయాడు. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి దాకా ఆగలేదు!

ఏ పక్షానికీ మొక్కని నిన్ను పొగుడుతున్నాను. ఎవడొచ్చినా అదే చాటు ఇచ్చేదానివి. సూర్యుడికీ వానకూ తప్ప ఎవరికీ జవాబు చెప్పనిదానివి. ఆ పూట తొక్కుడుపడ్డ వెన్నులకు పద్దు లేదు. నీలో పడ్డ సిపాయిల పేర్లకూ లేదు.

ఆపై అంతా జోరే అనిపిస్తుంది. 1759 ఏప్రిల్లో ఫోర్డు మచిలీపట్నం కోటను రాత్రివేళ దాడిచేసి పట్టాడు. మే నెలకల్లా సలాబత్ జంగ్ ఇటు తిరిగి, మచిలీపట్నం, నిజాంపట్నం సీమలు ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా వచ్చింది, సర్కార్లన్నీ కంపెనీవేనని.

కానీ చందుర్తికీ మచిలీపట్నానికీ నడుమ వారాల తరబడి ఏం జరిగిందో తెలుసా? బేరం. పటాలం ఖర్చు నాదేనన్న ఆనంద గజపతి గెలుపు తరవాత చెయ్యి బిగించాడు. రొక్కం లేనిదే ఫోర్డు కదలలేకపోయాడు. ఇద్దరూ వాదించుకున్నారు, అలిగారు, మళ్లీ కూర్చున్నారు. ఆ రొక్కం రాజు పెట్టెలోదైనా కంపెనీ పెట్టెలోదైనా, చివరికి శిస్తు పేరుతో నీలాంటి చేల కళ్లాల్లోంచే కొలవాలి కదా!