సగం మూసిన కటకం

ఈ వారం ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి భౌతికశాస్త్రం పీరియడుకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. మేడమ్ కిటికీలు మూయించి బల్ల మీద కొవ్వొత్తి వెలిగించారు. కుంభాకార కటకాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతుంటే, అవతల తెల్ల కాగితం మీద మంట తలకిందులుగా వచ్చి నిలిచింది. పిల్లలు లేచి నిలబడ్డారు. అప్పుడు అడిగారావిడ: "కటకం పై సగానికి నల్ల కాగితం అడ్డం పెడితే?"

"సగం బొమ్మే పడుతుంది మేడమ్!" క్లాసంతా ఒకటే మాట.

పెట్టారు. మంట మొత్తం అలాగే ఉంది. వెలుతురు మాత్రం తగ్గింది.

తాళం వేసిన ప్రయోగశాల బీరువాల గురించి ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. రాసినప్పుడల్లా హోషంగాబాద్ గుర్తొస్తుంది. మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 1972లో 16 బడుల్లో మొదలైన సైన్సు కార్యక్రమం అది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పల్లెటూరి పిల్లలు తమ చేతుల్తో ప్రయోగాలు చేసి, చూసింది సొంత మాటల్లో రాసుకునేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి పెట్టుకోవచ్చు! 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. ప్రతి బడికీ అలాంటి ప్రయోగాల కిట్టు ఇస్తే చాలు, మిగతాది పిల్లల కళ్లే చూసుకుంటాయని వాదిస్తూ వచ్చాను.

కానీ నా ముందు బెంచీ కుర్రాడు పక్కవాడితో అన్న మాట విన్నాను: "కాగితం సరిగ్గా పెట్టలేదురా, అందుకే." కళ్లారా చూశాడు. అయినా నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణం పాఠ్యపుస్తకంలోనే ఉంది. ప్రతిబింబం ఎక్కడ పడుతుందో కనుక్కోవడానికి రెండు కిరణాలు గీస్తే సరిపోతుంది కాబట్టి బొమ్మలో రెండే గీస్తారు. ఆ రెండే బొమ్మను మోసుకెళ్తాయని పిల్లలు అనుకుంటారు. మేడమ్ సుద్దముక్క తీసుకుని మంట కొస నుంచి కటకం నిండా కిరణాలు గీశారు. అన్నీ అవతల ఒకే బిందువు దగ్గర కలిశాయి. తర్వాత పై సగం మీదుగా వెళ్లేవాటిని డస్టరుతో తుడిచేశారు. మిగిలినవి అదే బిందువుకు చేరుతున్నాయి. "అయితే కిందది మూసినా అంతేనా మేడమ్?" అన్నాడు ఆ కుర్రాడే.

నేను ఇన్నాళ్లూ తిట్టిన సుద్దముక్క, నల్లబల్ల పాఠమే అక్కడ పని చేసింది. హోషంగాబాద్‌లోనూ ప్రయోగం తర్వాత క్లాసంతా కూర్చుని చర్చించుకునేవారు. అసలు బలం ఆ చర్చలోనే ఉందేమో. బీరువా తెరవాలి, సందేహం లేదు. తెరిచాక మాట్లాడే టైము కూడా కావాలి. ఆ రోజు ఒక్క ప్రశ్నకే పీరియడంతా సరిపోయింది, కటక సూత్రం లెక్కలు మర్నాటికి మిగిలాయి. సిలబస్ వెనకబడిందని తనిఖీకి వచ్చేవాళ్లు ఆవిడను నిలదీయకూడదు. టైంటేబుల్ వేసే హెడ్మాస్టర్లను ఒకటే అడుగుతున్నాను: వారానికి ఒక్కరోజైనా సైన్సుకు రెండు పీరియడ్లు వరసగా ఇవ్వండి.