తెల్లగా ఉన్నదంతా వాన కాదు

వానాకాలం సాయంత్రం నాలుగు దాటిందంటే హైదరాబాద్ ఖాజాగూడ ఆఫీసుల్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: ఇప్పుడే బయల్దేరదామా, ఆగుదామా? చాలామంది యాప్ చూస్తారు. నేను ఇన్సాట్ చిత్రం చూస్తాను. 2024 ఫిబ్రవరి 17న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇన్సాట్-3డీఎస్ లాంటి ఉపగ్రహాలు తీసే చిత్రాలు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవడమే నేర్చుకోవాలి. 2021లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో మెచ్చుకున్న వాతావరణ ఔత్సాహికుడు సాయి ప్రణీత్ కూడా సాఫ్ట్‌వేర్ ఉద్యోగే కదా!

ఒకే సమయానికి తీసిన రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టుకోవాలి. విజిబుల్ చిత్రానికి ఎండ కావాలి, రాత్రి పనికిరాదు. ఇన్‌ఫ్రారెడ్ చిత్రం మేఘం పైభాగం ఎంత చల్లగా ఉందో చెబుతుంది. ఎంత తెల్లగా ఉంటే మేఘం తల అంత ఎత్తున ఉన్నట్టు. డిసెంబరు పొగమంచు విజిబుల్‌లో తెల్లగా కనిపించి, ఇన్‌ఫ్రారెడ్‌లో నేలలో కలిసిపోతుంది. ఎత్తున ఉండే పలచని సిర్రస్ మేఘాల తెర ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్లగా కనిపించి భయపెడుతుంది. విజిబుల్‌లో చూస్తే దాని కింద నేల కనిపిస్తూనే ఉంటుంది. దాన్నుంచి మనకు చుక్క రాలదు. రెండింటిలోనూ తెల్లగా మెరిసేది క్యుములోనింబస్, అంటే ఉరుముల మేఘం. మే నెల సాయంత్రం వికారాబాద్ వైపు చిన్న చుక్కగా పుట్టి, చూస్తుండగానే విస్తరిస్తుంది. పైగాలి వచ్చే వైపు అంచు తెగినట్టు స్పష్టంగా, పోయే వైపు చెదిరిపోయి ఉంటుంది. జోరువాన సాధారణంగా ఆ తెగిన అంచు దగ్గరే.

తుపాను వస్తే అందరూ చిత్రంలో దాని మధ్యలోని కన్ను కోసం వెతుకుతారు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌కు కన్ను ఉంది. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండానికి లేదు. అయినా ఆ రాత్రే హైదరాబాద్ మునిగింది. కన్ను గాలి బలానికి గుర్తు. వరదకు దానితో పనిలేదు. తీరం దాటాక ఆ మేఘాలు ఎటు కదులుతున్నాయో, ఎంతసేపు చెదరకుండా ఉన్నాయో వరుస చిత్రాల్లో చూడాలి.

ఉపగ్రహానికి కనిపించేది మేఘం నెత్తి మాత్రమే. కింద వాన పడుతోందో లేదో డాప్లర్ రాడార్ చెప్పాలి, హెచ్చరిక వాతావరణ శాఖ ఇవ్వాలి. మనలాంటి వాళ్లు చేయగలిగింది ఒకటుంది. చిత్రం మీద సమయం సాధారణంగా యూటీసీలో ఉంటుంది. ఐదున్నర గంటలు కలిపితే మన టైమ్. వాట్సాప్‌లో తుపాను బొమ్మ వస్తే ముందు ఆ తేదీ, సమయం చూడండి. అవి లేని బొమ్మను ఎవరికీ పంపకండి.