‘స్విచ్’ అంటే సరిపోదు

బ్యాక్టీరియా అణువు తగలగానే మాక్రోఫేజ్ కణంలో రక్షణ జన్యువుల ‘స్విచ్’ పడుతుందని పాఠ్యపుస్తకాలు, జనరంజక వ్యాసాలు తరచూ చెబుతుంటాయి. పోలిక సులువైనదే. కానీ అది సగం కథే.

ఆ సగం మాత్రం నిజం. ఈ.కోలి వంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా పైపొరలో ఉండే లైపోపాలీశాకరైడ్ ఉనికిని టీఎల్ఆర్-4 అనే గ్రాహకం పసిగడుతుంది. ఈ అణువుకు స్పందించని ఎలుకల్లో లోపం ఆ గ్రాహకపు జన్యువులోనే ఉందని బ్రూస్ బాయిట్లర్ బృందం 1998లో నిరూపించింది. 2011 నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది. గ్రాహకం సంకేతం పంపగానే కణద్రవ్యంలో బందీగా ఉన్న ఎన్ఎఫ్-కప్పా-బీ ప్రోటీన్ విడుదలై కేంద్రకంలోకి చేరి, టీఎన్ఎఫ్ వంటి జన్యువులను పనిలోకి దింపుతుంది.

మరి అదే సంకేతం రెండోసారి వస్తే? వాపు కలిగించే జన్యువులు అనేకం మూగబోతాయనీ, సూక్ష్మజీవులను చంపే జన్యువులు మాత్రం మళ్లీ పనిచేస్తాయనీ రుస్లాన్ మెద్జితోవ్ బృందం 2007లో వెల్లడించింది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ల మార్పులే ఈ తేడాకు ఆధారం. అంటే కణం గతాన్ని గుర్తుంచుకుంటోంది. స్విచ్‌కు ఆ జ్ఞాపకం ఉండదు.

ఇది మాటల తగాదా కాదు. టీఎల్ఆర్-4ను అడ్డగించే ఎరిటోరాన్ మందు తీవ్ర సెప్సిస్ రోగుల మరణాలను తగ్గించలేకపోయిందని 2013లో ప్రచురితమైన పరీక్ష తేల్చింది. రోగి ఆసుపత్రికి చేరేసరికే సంకేతం కణాల లోపలికి వెళ్లిపోయి ఉండటం ఇందుకు ఒక కారణం కావచ్చు. మొదటి మీటనే కాక, తర్వాతి దశలనూ పాఠకుడికి చెప్పడం శాస్త్ర రచయితల బాధ్యత.